క్లబ్బు మీటింగుకి వచ్చిన వెంచర్ ఓనర్ పార్కు జాగాలో స్థలం ఇస్తానన్నారు. తీసుకోవచ్చా?

డెల్టా_మాస్టారు (శుక్రవారం రాత్రి)

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. నాకు నిజంగా సలహా కావాలి.

మాది పశ్చిమ గోదావరి డెల్టాలో ఒక మున్సిపాలిటీ. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఊళ్ళో ఒక సేవా క్లబ్బులో ఇరవై ఏళ్ళుగా సభ్యుణ్ణి. మా ముఖ్యమైన పని కంటి క్యాంపులు. హైస్కూల్లో గదులు అడిగి తీసుకుని, బల్లలు జరిపి, పరీక్షలు చేయించి, శుక్లాలు ఉన్నవాళ్ళని బస్సులో ఆపరేషన్‌కి పంపిస్తాం. సొంత కట్టడం ఒకటి ఉంటే బాగుండునని ఎప్పటినుంచో అందరికీ ఆశ.

ఈ ఏడాది మీటింగులకి వక్తల్ని పిలిచే బాధ్యత నాది. నిన్న గురువారం, ఊరికి పడమటి వైపు 12 ఎకరాల్లో వెంచర్ వేస్తున్న ఆయన్ని పిలిచాం. నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడే. మామూలుగా పాతికమంది వస్తారు, నిన్న అరవై మంది దాటారు. బాగా మాట్లాడాడు. వరిచేను లేఔట్ అవ్వాలంటే ఎన్ని సంతకాలు కావాలో, ఎకరాకి మెరక చెయ్యడానికి ఎన్ని లారీల బుసక (ఇసుక మట్టి) పడుతుందో, రైతుకి డబ్బు ముందే ఇచ్చి ప్లాటు అమ్ముడుపోయేదాకా వడ్డీ ఎలా కడతారో విడమరిచి చెప్పాడు. నాకూ చాలా విషయాలు తెలిశాయి.

చివర్లో లేఔట్ ప్లాను బల్ల మీద పరిచాడు. చుట్టుకుపోతుంటే నాలుగు మూలలా మంచినీళ్ళ గ్లాసులు పెట్టాం. దాంట్లో ఒక మూల పచ్చరంగు వేసి ఉంది. అక్కడ వేలు పెట్టి, "మాస్టారూ, ఇందులో 30 సెంట్లు కంటి ఆసుపత్రికి మీ క్లబ్బుకి రాసిచ్చేస్తాను. గేటు మీద మీ క్లబ్బు పేరే పెట్టుకోండి" అన్నాడు. హాలంతా చప్పట్లు. ప్రెసిడెంటు గారు అక్కడికక్కడే ఇంకో శాలువా తెప్పించి కప్పారు.

తర్వాత కాఫీలప్పుడు బ్రోచర్లు పంచారు. గజం 12,000 అట, క్లబ్బు సభ్యులకి 500 తగ్గింపు. ఇద్దరు అక్కడే 50,000 టోకెన్ ఇచ్చేశారు.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. అమ్మే ప్లాట్లన్నీ తెల్లగా ఉంటే, మాకిస్తానన్నది పచ్చరంగు మీద ఎందుకుంది? రంగుల పట్టికలో దాని ఎదురుగా "ఓపెన్ స్పేస్" అని ఉంది. వచ్చే గురువారం బోర్డు మీటింగు. ఆ జాగా తీసుకోవచ్చా? అసలు అతన్ని పిలవడమే నా పొరపాటా?

---

కొబ్బరితోట

మాస్టారూ, ముప్పై సెంట్లు ఊరికే ఇస్తానంటే ఆలోచన దేనికండీ! ఈ రోజుల్లో సెంటు కూడా ఎవరూ ఇవ్వరు. ముందు రిజిస్టర్ చేయించుకోండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

---

పాతప్లానర్

కొబ్బరితోట గారూ, రిజిస్టర్ చేయించుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది.

నేను టౌన్ ప్లానింగ్‌లో పాతికేళ్ళకి పైగా పనిచేసి దిగిపోయాను. మాస్టారికి వచ్చిన అనుమానం నూటికి నూరుపాళ్ళూ సరైనదే. లేఔట్ వేసేవాళ్ళు మొత్తం స్థలంలో కనీసం పది శాతం ఖాళీ జాగాగా వదలాలి. ఆ జాగానీ, రోడ్లనీ గిఫ్ట్ డీడ్ ద్వారా మున్సిపాలిటీకో పంచాయతీకో ఉచితంగా అప్పజెప్పాలి. అప్పుడే ఫైనల్ అప్రూవల్. రోడ్లు, కాలవలు, కరెంటు పూర్తి చేస్తారన్న హామీకి కొన్ని ప్లాట్లు తనఖా కూడా పెట్టించుకుంటారు. పనులు అయ్యాకే వాటిని వదులుతారు.

అంటే ఆ పచ్చరంగు జాగా ఆయన చేతిలోంచి జారిపోవలసినదే. ఆయన ఇస్తానంటున్నది రేపు ఊరి ఆస్తి అయ్యేదాన్ని. మీకు రాసిచ్చినా ఆ కాగితానికి బలం ఉండదు. దానిమీద కట్టడానికి ప్లాను పెడితే మా పాత ఆఫీసులో మొదటి టేబుల్ మీదే ఆగిపోతుంది, ఆగాలి కూడా.

ఆయన తెలిసి చేశారా, తెలియక చేశారా అన్నది ఇక్కణ్ణుంచి చెప్పలేను. నా సర్వీసులో రెండు రకాల వాళ్ళనీ చూశాను. గుడి కోసం, వాటర్ ట్యాంకు కోసం, అసోసియేషన్ ఆఫీసు కోసం, ప్రతి ఒక్కరూ మంచి పనికే అంటూ ఆ పది శాతంలోంచే తుంచుకుంటారు. పదేళ్ళు పోయాక చూస్తే పార్కు బోర్డు మాత్రం మిగులుతుంది.

ప్లాను మీద ఎల్‌పీ నంబర్, అంటే లేఔట్ పర్మిట్ నంబర్, ఉందా? డ్రాఫ్ట్ అప్రూవల్ అయినా వచ్చిందా? రెరా నంబర్, అంటే రియల్ ఎస్టేట్ చట్టం కింద ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ నంబర్, ఉందా? ఈ మూడూ అడిగి చెప్పండి.

---

వకీలు_రాజమండ్రి

పైన ప్లానర్ గారు చెప్పినదానికి కోర్టు వైపు నుంచి ఒక మాట.

1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన బెంగళూరు మెడికల్ ట్రస్ట్ తీర్పు ఇలాంటి సంగతిమీదే. బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ఆసుపత్రి కట్టుకోమని ఒక ట్రస్టుకి కేటాయించారు. ఆ కేటాయింపు వెనక ఉన్నది సాక్షాత్తూ ముఖ్యమంత్రి ఆదేశం. చుట్టుపక్కల కాపురం ఉన్నవాళ్ళే కోర్టుకెళ్ళారు. ఆసుపత్రీ జనం కోసమే కదా అన్న వాదన నిలబడలేదు, కేటాయింపు కొట్టేశారు. పార్కు ఆ పరిసరాల్లో బతికేవాళ్ళ గాలికీ వెలుతురుకీ సంబంధించినది, ఒకరి ఇష్టం మీద మార్చేది కాదు అన్నది దాని సారం.

ముఖ్యమంత్రి ఇస్తేనే నిలవనిది, వెంచర్ ఓనర్ ఇస్తే నిలుస్తుందా? రేపు ప్లాట్లు కొన్నవాళ్ళలో ఒక్కరు కేసు వేస్తే చాలు, కంటి ఆసుపత్రి గోడల మీద స్టే ఆర్డర్ అంటిస్తారు. దాతల డబ్బు పోసి కట్టాక ఆ పరిస్థితి వస్తే మీ క్లబ్బు తట్టుకోలేదు మాస్టారూ.

ఆ టోకెన్ల సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి. రెరా చట్టం, అంటే 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, మూడో సెక్షన్ ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టుని రిజిస్టర్ చేయకుండా ప్రకటించకూడదు, బుకింగులు తీసుకోకూడదు. 12 ఎకరాలంటే చెప్పేదేముంది! తప్పితే ప్రాజెక్టు అంచనా ఖర్చులో పది శాతం దాకా జరిమానా పడొచ్చు. రిజిస్టర్ అయ్యాక కూడా, అగ్రిమెంటు రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ప్రకటనలో రెరా నంబర్ ఉండి తీరాలి. ఆ బ్రోచర్ ఒకసారి తిప్పి చూడండి.

---

రోటరీ_30ఏళ్ళు

మాస్టారూ, మీ క్లబ్బేదో నాకు తెలియదు. నేను రోటరీ మనిషిని కాబట్టి మా వైపు సంగతి చెబుతాను.

మేం మీటింగుల్లో చెప్పుకునే నాలుగు ప్రశ్నలున్నాయి. ఇది నిజమేనా? సంబంధం ఉన్న అందరికీ న్యాయమేనా? సద్భావం, స్నేహం పెంచుతుందా? అందరికీ మేలు చేస్తుందా? ఇవి ఏదో పుస్తకంలోంచి వచ్చినవి కావు. 1932లో చికాగోలో హెర్బర్ట్ టేలర్ అనే ఆయన దివాలా అంచున ఉన్న ఒక అల్యూమినియం వంటపాత్రల కంపెనీని చేతికి తీసుకుని, రోజూ తను చేసే పనిని బేరీజు వేసుకోవడానికి రాసుకున్నవి. మొదట దెబ్బ తగిలింది కంపెనీ ప్రకటనలకే. "అన్నిటికన్నా మేలైనది", "ఇంతకంటే గొప్పది లేదు" లాంటి మాటలన్నీ తీసేయించారు. 1943లో రోటరీ ఆ ప్రశ్నల్ని తనవిగా చేసుకుంది.

చిన్నప్పటినుంచీ మీటింగుల్లో వల్లె వేసినట్టు చదివేవాణ్ణి. అవి అమ్మకం మాటల కోసమే పుట్టాయని తెలిశాక మాత్రం నాకు మరోలా వినిపించడం మొదలైంది. ఆ నాలుగూ బ్రోచర్ పక్కన పెట్టుకుని మీ బోర్డులో గట్టిగా చదవండి. ఎవరినీ తప్పుపట్టే పనే ఉండదు.

పిలవడం పొరపాటు కానే కాదు. పిలిచినప్పుడు ప్రశ్నలకి అరగంట ఉంచకపోవడం మాత్రం లోటే.

---

లయన్_పాలకొల్లు

పిలవడం గురించి నాదీ అదే మాట. 1925లో ఒహాయోలో లయన్స్ మహాసభకి హెలెన్ కెల్లర్ వచ్చి, అంధుల కోసం నడుం కట్టమని అడిగారు. ఈ రోజు ఊరూరా కంటి క్యాంపులంటే లయన్స్ గుర్తొస్తున్నారంటే ఆ ప్రసంగమే మూలం. బయటివాళ్ళ మాట వినడం వల్లే క్లబ్బులు ఎదిగాయి. వచ్చినవాళ్ళు ఏం అడుగుతున్నారు, ఏం ఇస్తానంటున్నారు అన్నది మనం చూసుకోవాలి, అంతే.

---

చిన్నబిల్డర్

నేనూ ఈ వ్యాపారంలోనే ఉన్నాను. చిన్న అపార్టుమెంట్లు కడతాను, రెండు లేఔట్లు వేశాను. అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

పన్నెండు ఎకరాలు కొంటే పన్నెండు ఎకరాలూ అమ్మం. రోడ్లు, ఖాళీ జాగా పోగా సగం పైన కొంచెం మిగులుతుంది, మా బతుకంతా దాంట్లోనే. రెరా ఖాతా నియమం వచ్చాక కొన్నవాళ్ళ డబ్బులో 70 శాతం విడిగా ఉంచి, ఆ ప్రాజెక్టు భూమికీ పనులకీ మాత్రమే తీయాలి. ఇంజనీరు, ఆర్కిటెక్టు, సీఏ సర్టిఫికెట్ ఇస్తేనే తీస్తాం. మొదట్లో తిట్టుకున్నాను. ఇప్పుడు ఆ నియమం మంచిదనే అంటాను, ఎందుకంటే ఒక ప్రాజెక్టు డబ్బు ఇంకోదాంట్లో పెట్టి ములిగిపోయినవాళ్ళని కళ్ళారా చూశాను.

అయినా నిజం చెప్పాలి. ఆ పచ్చరంగు సంగతి లేఔట్ వేసే ఎవరికైనా తెలుస్తుంది. గిఫ్ట్ డీడ్ కాగితం మీద సంతకం పెట్టేది మేమే. ఆయనకి తెలియదంటే నేను నమ్మలేను. మాటవరసకి ఊపులో అనేసి ఉండొచ్చు, జనం చప్పట్లు కొడితే నోరు ముందు పోతుంది, అది మా అందరికీ ఉన్న జబ్బే. కాబట్టి ఆయన్ని పదిమందిలో నిలదీయకండి. ఒక్కరే వెళ్ళి అడగండి. నిజంగా ఇవ్వాలనుంటే తెల్లరంగులోంచి ఇస్తారు.

---

పెరటిజామ

నేను కొన్నవాళ్ళ తరఫున రాస్తాను.

మేము తొమ్మిదేళ్ళ క్రితం ఒక లేఔట్‌లో 180 గజాలు కొన్నాం. ఊరూ వెంచరూ పేర్లు వద్దు. అమ్మేటప్పుడు మా అత్తగారిని తీసుకెళ్ళి, "అమ్మా, మీ ఇంటి ఎదురుగానే పార్కు" అని చూపించారు. ఆవిడ సంబరపడి, ఇల్లు మొదలుపెట్టకముందే అక్కడ ఒక వేపమొక్క నాటి, ముళ్ళకంప కట్టించారు. తర్వాత ఆ జాగాలో ముందు వాటర్ ట్యాంకు లేచింది. సరే, నీళ్ళు కావాలి కదా అనుకున్నాం. తర్వాత కమిటీ హాలు. ఆ తర్వాత ఒక సంస్థకి ఆఫీసు, అదీ సేవా సంస్థే. వేపచెట్టు హాలు మెట్లకి అడ్డమని కొట్టేశారు.

ఇప్పుడు పిల్లలు లారీలు తిరిగే రోడ్డు మీద క్రికెట్ ఆడతారు. అత్తగారు సాయంత్రం గేటు లోపలే, కారు పక్కన ఉన్న పది అడుగుల్లో అటూ ఇటూ నడుస్తారు. అడ్డుపడదామంటే ఆ సంస్థలో ఉన్నవాళ్ళంతా ఊళ్ళో పెద్దమనుషులు. "మంచి పనికి అడ్డం వస్తారా" అని అడిగితే ఏం చెప్పాలో మాకు తెలియలేదు.

మాస్టారు గారూ, మీ క్లబ్బు పేరు ఆ గేటు మీద ఉంటే అక్కడ కొన్నవాళ్ళు ఎవరూ మీతో గొడవ పడలేరండీ. దయచేసి ఆలోచించండి.

---

డాలస్_తమ్ముడు

పెరటిజామ అక్కా, మీ పోస్టు చదివాక మా ఇంటి సంగతి రాయాలనిపించింది. 2014లో ఇక్కణ్ణుంచి డబ్బు పంపి నాన్నగారి చేత హైదరాబాద్ శివార్లలో ప్లాటు కొనిపించాను. తెలిసినవాళ్ళు చెప్పారు, ఒక సంఘం మీటింగులో పరిచయం చేశారు, అంతే. అప్రూవల్ లేదని తర్వాత తెలిసింది. 2020లో ఎల్ఆర్ఎస్‌కి, అంటే అప్రూవల్ లేని లేఔట్లని క్రమబద్ధం చేసే పథకానికి, దరఖాస్తు పెడితే, లేఔట్‌లో పది శాతం ఖాళీ జాగా వదల్లేదు కాబట్టి ప్లాటు విలువలో 14 శాతం విడిగా కట్టాలన్నారు. వేసినవాడు వదలని పార్కుకి కొన్నవాళ్ళం డబ్బు కట్టాలి! ఆ డబ్బు కన్నా నాన్నగారు పడ్డ టెన్షన్ నన్ను ఎక్కువ బాధపెట్టింది. "పెద్దవాళ్ళు ఉన్న మీటింగు కదా, నమ్మాను రా" అని ఇప్పటికీ అంటుంటారు.

---

భాగ్యనగరం_72

హైదరాబాద్‌లో 2024 జూలైలో చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా అనే సంస్థ పెట్టాక జనం పట్టుకెళ్తున్న ఫిర్యాదుల్లో పార్కు స్థలాలవి చాలానే ఉంటున్నాయి. పాత లేఔట్ కాపీ పట్టుకుని ముసలివాళ్ళు లైన్లో నిలబడుతున్నారు. మీ ఊళ్ళో ఇంకా ప్లాను దశలోనే ఉంది. ఇప్పుడు ఆపడం చాలా సులువు మాస్టారూ.

---

డెల్టా_మాస్టారు (ఆదివారం సాయంత్రం)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పెరటిజామ అమ్మాయి రాసింది మా ఇంటావిడకి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ముందు లెక్క చూశాను. 12 ఎకరాలంటే 58,080 గజాలు. పది శాతం 5,808 గజాలు, అంటే 120 సెంట్లు. మాకిస్తానన్న 30 సెంట్లు, 1,452 గజాలు, సరిగ్గా పార్కులో పావు వంతు. తీసుకుంటే మిగిలేది ఏడున్నర శాతం. అతను చెప్పిన ధరకి కడితే ఆ జాగా ఒక కోటీ 74 లక్షల పైమాటే. అంత పెద్ద దానం అతని లెక్కలో ఒక్క రూపాయి కూడా తగ్గించదు.

బ్రోచర్ రెండు వైపులా భూతద్దం పెట్టి చూశాను. రెరా నంబర్ లేదు. "అప్రూవల్ త్వరలో" అని ఉంది.

ఈ ఉదయం స్కూటర్ మీద సైటుకి వెళ్ళాను. ముందు వైపు ఆర్చి కట్టేశారు, రంగుల జెండాలు. అటు చివరికి నడిస్తే పచ్చరంగు మూల కనిపించింది. త్రికోణంగా ఉంది, ఒక పక్క మురుగు కాలువ, గుర్రపుడెక్క పట్టి నీళ్ళు కదలడం లేదు. మిగతా చేలన్నీ బుసకతో మూడడుగులు లేపారు, ఆ మూల మాత్రం పాత చేను మట్టంలోనే ఉంది. కిందటేడు కోసిన వరి దుబ్బులు ఇంకా ఉన్నాయి. వాన పడితే 12 ఎకరాల నీళ్ళూ అక్కడికే వస్తాయి. కళ్ళు కనపడని ముసలివాళ్ళని అక్కడికి నడిపించుకు రావాలని మేము చప్పట్లు కొట్టామన్నమాట.

చిన్నబిల్డర్ గారి సలహా ప్రకారం రేపు ఒక్కణ్ణే అతని ఆఫీసుకి వెళ్తున్నాను.

---

పాతప్లానర్

మాస్టారూ, ఆ మురుగు కాలువ గురించి కూడా అడగండి. పాత ఎఫ్ఎంబీలో, అంటే సర్వే కొలతల పుస్తకంలో, దాని వెడల్పు ఎంతో చూడమనండి. బోదెలు (చేల మధ్య చిన్న కాలవలు) పూడ్చేసి, కాలువ గట్టుని పార్కులో కలిపి చూపించడం డెల్టాలో మామూలే. అక్కడ తేడా వస్తే పది శాతం కూడా పది ఉండదు. పై చేల రైతులకి నీరు దిగడానికీ ఆ కాలువే దారి.

---

డెల్టా_మాస్టారు (శుక్రవారం ఉదయం)

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సోమవారం వెళ్ళాను. లేచి నిలబడి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. "ఒరేయ్, ఆ పచ్చరంగు నీదేనా?" అని సూటిగా అడిగాను. కొంచెంసేపు బల్ల మీద ఉన్న పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. "కాదు మాస్టారూ. మున్సిపాలిటీకి రాయాల్సిందే. పార్కులో ఆసుపత్రి ఉంటే ఎవరు కాదంటారులే అనుకున్నాను. అమ్మకాలకి కూడా మంచిదని మావాళ్ళన్నారు" అన్నాడు. అబద్ధం ఆడలేదు, అది నాకు కాస్త ఊరట.

రెరా సంగతి అడిగాను. దరఖాస్తు పెట్టారట, నంబర్ రాలేదు. టోకెన్లు వెనక్కి ఇవ్వమన్నాను. మంగళవారం సాయంత్రానికి మా సభ్యులిద్దరికీ డబ్బు అకౌంట్లో పడింది. కాలువ వెడల్పు గురించి అడిగితే సర్వేయర్ని పిలిపిస్తానన్నాడు. అది నేను మరిచిపోను.

నిన్న బోర్డులో రెండు గంటలు పట్టింది. ఇంతకాలం తర్వాత వచ్చిన అవకాశాన్ని చేతులారా పోగొడుతున్నానని ఒకాయన బాగా కోప్పడ్డారు. ఆయన కోపం నాకర్థమవుతుంది. క్యాంపులకి సొంత డబ్బు ఎక్కువగా పెట్టేది ఆయనే. రోటరీ గారి నాలుగు ప్రశ్నలూ పైకి చదివాను. రెండో ప్రశ్న దగ్గర, అక్కడ ప్లాట్లు కొనబోయేవాళ్ళు ఈ గదిలో ఎవరూ లేరు కదా అని మా ట్రెజరర్ అన్నారు. ఆవిడ బ్యాంకులో చేసి వచ్చిన మనిషి. తర్వాత ఓటింగు పెట్టాం. 11 మంది వద్దన్నారు, ఆరుగురు తీసుకోమన్నారు.

ఇంకో తీర్మానం కూడా చేశాం. వ్యాపారం చేసేవాళ్ళు ఎవరు మాట్లాడినా ఆ రోజు బ్రోచర్లు, బుకింగులు ఉండవు. అరగంట ప్రశ్నలకి కేటాయిస్తాం. అతన్ని మళ్ళీ పిలుస్తున్నాం, రెరా నంబర్ వచ్చాకే. వస్తానన్నాడు.

---

చిన్నబిల్డర్

తెల్లరంగులోంచి ఏమైనా ఇస్తానన్నాడా మాస్టారూ?

---

డెల్టా_మాస్టారు

రోడ్డు పక్కన రెండు ప్లాట్లు ఇచ్చే సంగతి ఇంట్లో అడిగి చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

ఈ ఆదివారం క్యాంపు ఎప్పట్లాగే హైస్కూల్లోనే. డాక్టరు గారు ఎనిమిదికల్లా వస్తారు. శనివారం సాయంత్రం బల్లలు జరపాలి, దగ్గర్లో ఉన్నవాళ్ళు ఎవరైనా వస్తే సంతోషం.

---

కొబ్బరితోట

మాది పక్క మండలమే మాస్టారూ. మా అబ్బాయినీ తీసుకుని ఐదింటికల్లా వచ్చేస్తాను.